సోలార్ పంపా, కరెంటు మోటరా, డీజిల్ ఇంజనా: మన బోరుకు ఏది సెట్ అయితది

యాసంగి నార్లు పోసే రోజులు దగ్గరికి రాంగనే ఫోన్లు మొదలైతయ్, అన్నా సోలార్ పంపు పెట్టిస్తే ఎట్లుంటది, మంచిగ నడుస్తదా అని. నేను తిరిగి ఒకటే అడుగుత, నీ బోరు నడుస్తున్నప్పుడు నీళ్లు ఎన్ని ఫీట్ల కాడ ఉంటయ్ అని. చానామందికి బోరు ఎన్ని ఫీట్లు ఏసిన్రో తెలుసు, కేసింగ్ ఎంత దిగిందో తెలుసు, రిగ్గు వాళ్లకు ఎంత కట్టిన్రో రూపాయితో సహా యాదికుంటది, గానీ మోటరు నడుస్తుంటే నీళ్లు ఏ లోతుకు పోయి ఆగుతున్నయో మాత్రం తెల్వదు. ఆ ఒక్క లెక్క తెల్వకుండ సోలారా కరెంటా అని మాట్లాడుకునుడు అంతా టైం దండుగ.

మాది నర్సంపేట దిక్కు. రెండు చోట్ల ఎవుసం, ఊరి పక్కన మూడున్నర ఎకరాలకు కరెంటు బోరు ఉన్నది, దూరంగ నాలుగెకరాల చెల్క ఉన్నది, ఆడికి లైను రాలే, అక్కడ సోలార్ పెట్టి మూడేండ్లయింది, మిర్చి, పసుపు ఏస్తం. రెండూ నా కండ్ల ముందటనే నడుస్తున్నయ్ గాబట్టి ఏది యాడ పనికొస్తదో నాకు సమజైనంత చెప్త.

ముందుగాల చేదు ముచ్చట. మీ పొలానికి ఆల్రెడీ కరెంటు సర్వీసు ఉండి, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు సరిగ్గ ఉండి, వోల్టేజ్ మంచిగ వస్తుంటే సోలార్ గురించి ఆలోచించుడే అవసరం లేదు. మన తెలంగాణ రాష్ట్రంల 2018 జనవరి 1 నుంచి ఎవుసానికి 24 గంటలు ఉచిత కరెంటు, మనం కట్టేది సర్వీస్ చార్జీ కింద ఏడాదికి 360 రూపాయలు, అంతే. బిల్లే లేనప్పుడు సోలార్ పెట్టి మిగిలేది ఏంది? ఫోన్ల వచ్చే వీడియోలు సగం రాజస్థాన్‌వి, మహారాష్ట్రవి. కాళేశ్వరం కాడ బ్రిడ్జి దాటితే సిరోంచ, అక్కడ మనోళ్ల సుట్టాలు మస్తు మంది ఉన్నరు, వాళ్లకు అక్కడి సర్కారు స్కీముల 10 శాతం కడితే పంపు వస్తది, ఎస్సీ ఎస్టీలకు అయితే 5 శాతమే. వాళ్ల లెక్క వాళ్లకు కరెక్టే, ఆ లెక్క తెచ్చి ఇక్కడ పెడితే కుదరదు.

అట్లని ఉచిత కరెంటు నిజంగ ఉత్తపుణ్యానికే వస్తుందా అంటే అదీ కాదు. ఫిబ్రవరి, మార్చిల ఊరందరి మోటర్లు ఒక్కసారే నడుస్తయ్, లైను చివర ఉన్నోళ్లకు వోల్టేజ్ పడిపోతది, మోటరు గుంజలేక గుంజలేక వైండింగ్ కాలుతది. నాకు ఒక్క యాసంగిల రెండుసార్లు కాలింది, గొట్టాలు ఎత్తుడు, వైండింగ్ చేపిచ్చుడు, మళ్ల దించుడు, ఒక్కోసారికి పది వేల దాక పోయినయ్, పైనుంచి ఆ వారం రోజులు మడి నెర్రెలువారింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఇంక చెప్పేదే లేదు, రైతులందరు తలా ఇంత ఏసుకొని ట్రాక్టర్ల ఏసుకపోయి రిపేరు చేపిచ్చుకొచ్చుడు మనకు అలవాటైపోయింది. కెపాసిటర్ పెట్టుకునుడు, ఆటో స్టార్టర్ తీసేసుడు అనే చిన్న పనులు చేస్తే ఇందుల సగం నష్టం తప్పుతది. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాంగనే అందరి మోటర్లు ఒకటేసారి లేస్తయ్, ట్రాన్స్‌ఫార్మర్ మీద దెబ్బ పడేది అప్పుడే. ఈ బాధలు ఉన్నోళ్లు కూడ ముందుగాల కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కోసం డీడీలు కట్టి తిరుగున్రి, లక్షలు పెట్టి సోలార్ కొనుడు దాని తర్వాత.

మరి సోలార్ ఎవరికి? లైనుకు దూరం ఉన్నోళ్లకు. ఒకటి రెండు స్తంభాలైతే కరెంటే బెటర్, పది పన్నెండు స్తంభాలు, కొత్త ట్రాన్స్‌ఫార్మర్, మధ్యల వేరేటోళ్ల భూమిలకెళ్లి లైను గుంజాలె, వాళ్లు ఒప్పుకోరు, ఇట్లాంటి యవ్వారం ఉంటే అప్పుడు సోలార్ గట్టిగ ఆలోచించాల్సిందే. ఇంక ములుగు, భూపాలపల్లి, మానుకోట దిక్కు పోడు భూములకు అడవిలకెళ్లి లైను రావుడే కష్టం. పోడు పట్టాలు ఉన్న గిరిజన రైతులకు 2025 మే నెలల ఇందిర సౌర గిరి జల వికాసం అని స్కీము మొదలుపెట్టిన్రు, నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంల ఓపెనింగ్ చేసిన్రు, 12,600 కోట్లతోని 2.10 లక్షల మంది రైతులకు, 6 లక్షల ఎకరాలకు సోలార్ పంపులతోని నీళ్లు అని, రైతు కట్టేది ఏం లేదు. మీకు ఆర్ఓఎఫ్ఆర్ పట్టా, అంటే అడవి హక్కుల చట్టం కింద ఇచ్చే పోడు పట్టా ఉంటే ఇంక కంపారిజన్ ఏం అవసరం లేదు, ఐటీడీఏ (గిరిజనుల అభివృద్ధి సంస్థ) ఆఫీసుకు పోయి లిస్టుల పేరు ఉందా లేదా చూస్కోన్రి.

డీజిల్ గురించి రెండు ముక్కలు. డీజిల్ ఇంజను పైనుంచి నీళ్లను పీలుస్తది, పీల్చుడు అనేది గాలి ఒత్తిడి మీద నడిచే పని, ఎంత మంచి ఇంజనైనా 20, 22 ఫీట్ల కంటె కిందికెళ్లి నీళ్లు లేపలేదు. గందుకే బోరుకు అది పనికిరాదు, బాయి, వాగు, కాలువ, కుంట ఉన్నోళ్లకే. ఐదు హెచ్‌పీ ఇంజను గంటకు దగ్గర దగ్గర ఒక లీటరు తాగుతది, లీటరు 95 పట్టుకున్నా రోజుకు ఆరు గంటలు, వంద రోజులు నడిపితే 57 వేలు డీజిల్‌కే. పంట ఎండిపోతుంటే ఒక్క తడి ఇచ్చి కాపాడుకునేందుకు కిరాయికి తెచ్చుకోవాలె గానీ సీజనంతా దాని మీద ఎవుసం చేసుడు అంటే మిర్చి పైసలు పెట్రోల్ బంకుకు కట్టినట్టే. ఏండ్ల సంది డీజిల్ మీదనే బతుకుతున్నోళ్లు ఎవరన్న ఉంటే, సోలార్‌తోని అందరికంటె ఎక్కువ లాభం వాళ్లకే.

ఇప్పుడు అసలు లెక్క. సోలార్‌ల హెచ్‌పీ కంటె ముఖ్యం ప్యానెళ్ల వాట్లు, నీళ్లు లేపాల్సిన ఎత్తు. మామూలుగ 3 హెచ్‌పీకి 3000 వాట్ల ప్యానెళ్లు, 5 హెచ్‌పీకి 4800 వాట్లు పెడతరు, ఇప్పుడు వచ్చే 540 వాట్ల ప్యానెళ్లయితే 5 హెచ్‌పీకి తొమ్మిది సరిపోతయ్. ఎత్తు అంటే బోరు లోతు కాదు. మీది 300 ఫీట్ల బోరే అనుకోన్రి, మోటరు బంద్ ఉన్నప్పుడు నీళ్లు 90 ఫీట్ల కాడ, నడుస్తుంటే 160 ఫీట్లకు దిగుతయ్, దానికి పైన గట్టు ఎత్తు, పైపుల రాపిడి ఇంకో 35, 40 ఫీట్లు కలుపుకోవాలె, మొత్తం 200 ఫీట్లు, అంటే దాదాపు 60 మీటర్లు. ఈ ఎత్తుకు 4800 వాట్లతోని మంచి ఎండ ఉన్న రోజు 60 నుంచి 70 వేల లీటర్లు వస్తయ్. అదే మొత్తం ఎత్తు 30 మీటర్లే ఉంటే డబుల్, 100 మీటర్లకు పోతే 40 వేలు అటు ఇటు. ఎత్తు పెరిగినకొద్ది నీళ్లు తగ్గుతయ్, ఇది ఏ కంపెనీ మార్చలేదు.

మరి 60 వేల లీటర్లు దేనికి సరిపోతయ్? ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు నీళ్లు నిలవెట్టాలంటే 4 వేల లీటర్లు కావాలె. యాసంగి వరికి ఎండకు పోయేది, భూమిల ఇంకేది కలిపి రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి 32 నుంచి 40 వేల లీటర్లు, రోజూ. లెక్కేసుకోన్రి, 5 హెచ్‌పీ సోలార్ మీద వరి ఎకరంన్నర, గట్టిగ అయితే రెండెకరాలు, మన ఎర్ర చెల్కలల్ల అయితే అంత కూడ కష్టమే. అదే డ్రిప్పు మీద మిర్చికి ముదురు ఎండలల్ల 5 మిల్లీమీటర్లు పట్టుకున్నా ఎకరానికి 20 వేలు, మూడెకరాలు హాయిగ పారుతది. గందుకే నేను మొహమాటం లేకుండ చెప్త, యాసంగిల నాలుగైదు ఎకరాల వరి పెట్టేటోళ్లు సోలార్ జోలికి పోకున్రి. కరెంటు మోటరు రాత్రి పగలు నడిచి ఆ నీళ్లు ఇస్తది, సోలార్ పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాక సరిగ్గ నడుస్తది, దాని ముందు వెనుక సన్నటి ధార.

ఇంక చానామంది పట్టించుకోని ముచ్చట ఒకటి ఉన్నది, నాకైతే ఇదే అన్నిటికంటె పెద్ద లాభం అనిపిస్తది. మన దిక్కు భూమి కింద అంతా గ్రానైటు బండ, నీళ్లు బండ సందులల్లనే ఉంటయ్, బోరుకు మెల్లగ ఊరుతయ్. ఇంచు నీళ్ల బోరుల, అంటే తక్కువ నీళ్లొచ్చే బోరుల 5 హెచ్‌పీ కరెంటు మోటరు దించితే ఇరవై నిమిషాలల్ల ఉన్నయన్ని గుంజేసి గాలి కొడ్తది, మళ్ల బంద్ చెయ్యాలె, గంట ఆగాలె, మళ్ల ఆన్ చెయ్యాలె, మనిషి అక్కడనే కావలి ఉండాలె. అదే బోరుకు 2 లేకపోతే 3 హెచ్‌పీ సోలార్ పెడితే ఎండను బట్టి మోటరు స్పీడు అదే తగ్గుతది, పెరుగుతది, ఊరే నీళ్లను ఊరినట్టు మెల్లగ లేపుతది, రాత్రంతా బోరుకు రెస్టు. నీళ్లు అయిపోతే డ్రై రన్ సెన్సార్ ఆపేస్తది, మళ్ల కొంచెం సేపటికి అదే చాలు చేస్తది. నా చెల్క బోరుల ఇంచుంబావు నీళ్లే, కరెంటు మోటరు అయితే ఆ బోరు ఎప్పుడో ఫెయిల్ అని రాసేసుకుందుము. కాబట్టి తక్కువ నీళ్ల బోరుకు చిన్న సోలారు, ఎక్కువ నీళ్ల బోరుకు కరెంటు, ఇది నా రూలు. డీలర్లు ఉల్టా చెప్తరు, బోరు చిన్నదైనా పెద్ద పంపే తీసుకోమంటరు, వాళ్లకు దాంట్లనే కమిషన్ ఎక్కువ గద.

ఏసీ మోటరా డీసీ మోటరా అని ఇంకో పంచాయితీ. డీసీది, అంటే బీఎల్‌డీసీ అని అంటరు చూడు అది, అవే ప్యానెళ్ల మీద కొంచెం ఎక్కువ నీళ్లిస్తది, పొద్దుగాల తొందరగ లేస్తది, మబ్బు పట్టినా పూర్తిగ చాలించుకోదు. గానీ అది కరాబ్ అయితే మన వరంగల్ వైండింగ్ షాపులల్ల చేసేటోళ్లు తక్కువ, కంపెనీ మనిషి రావాలె, అతను ఎప్పుడొస్తడో దేవునికే ఎరుక. ఏసీ మోటరు అంటే మనం వాడే మూడు ఫేజుల సబ్‌మెర్సిబులే, ముందట డ్రైవ్, అంటే ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీ చేసే డబ్బా పెడతరు, మోటరు కాలితే ఏ మండల కేంద్రంల అయినా చేపిచ్చుకోవచ్చు, రేపు పొలానికి లైను వస్తే ఛేంజ్ ఓవర్ స్విచ్ పెట్టుకొని కరెంటు మీద కూడ నడుపుకోవచ్చు. నేను ఏసీ తీసుకున్న, నీళ్లు నూటికి పది తక్కువ వస్తే రానీ అని. మీకు సర్వీస్ సెంటర్ హన్మకొండలనే ఉండి వాళ్ల మీద నమ్మకం ఉంటే డీసీ తీసుకోన్రి, తప్పు లేదు. పాత మోట బాయిలు ఉన్నోళ్లు, అది కూడ నీళ్లు 20 ఫీట్ల లోపల ఉంటే, పైన పెట్టే మోనోబ్లాక్ సోలార్ చాలు, ధర తక్కువ, రిపేరు సులువు. చెరువు నిండితే కింద బాయిలల్ల నీళ్లు ఎట్ల పైకొస్తయో మనకు తెల్వంది కాదు, అట్లాంటి బాయిలకు అది బంగారం.

వానాకాలం ఎట్ల అని అడుగుతరు. జులై, ఆగస్టుల ముసురు పట్టినప్పుడు నీళ్లు సగానికి సగం పడిపోతయ్, ఒక్కోరోజు అసలే రావు, కానీ వాన పడుతుంటే మనకు నీళ్లతోని పనేముంది. వాన ఎగ్గొట్టిన రోజులల్ల ఎండ కొడ్తది, అప్పుడు పంపు నడుస్తది. తంటా ఎక్కడంటే వరి నాట్లకు, మబ్బు ఉంటది వాన పడది, దమ్ము చేసేందుకు ఒక్కసారే నీళ్లు కావాలె, అక్కడ సోలార్ చేతులెత్తేస్తది. ఇంకోటి, మే నెల ఎండకు ప్యానెళ్లు మస్తు పనిచేస్తయ్ అనుకుంటరు, అది కాదు, ప్యానెల్ ఎంత వేడైతే కరెంటు అంత తగ్గుతది, మన 44, 45 డిగ్రీల ఎండలల్ల ప్యానెల్ 65 దాక కాగుతది, నూటికి పన్నెండు పదిహేను అక్కడనే పోతయ్. ఫిబ్రవరి, మార్చి నెలలే దానికి అసలైన సీజను.

డ్రిప్పు లేకుండ సోలార్ పెట్టుడు నాకైతే నచ్చదు. మన దగ్గర డ్రిప్పుకు ఎస్సీ ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకు, చిన్న సన్నకారు రైతులకు 90, మిగిలినోళ్లకు 80 శాతం సబ్సిడీ ఉన్నది, హార్టికల్చర్ ఆఫీసుల అప్లై చేసుకోవాలె. కాకపోతే డ్రిప్పుకు ఒక కిలో నుంచి కిలోన్నర ప్రెషర్ కావాలె, అంటే ఇంకో 10, 15 మీటర్ల ఎత్తు కలిసినట్టే, అది పైన చెప్పిన లెక్కల కలుపుకోవాలె, మర్చిపోతే పైపు చివర మొక్కలు ఎండుతయ్. పొద్దుగాల ప్రెషర్ ఉండది గాబట్టి నేను నాలుగెకరాలు నాలుగు గేట్ వాల్వులు చేసిన, పదింటికి ఒకటి తిప్పుడు, పదకొండున్నరకు ఇంకోటి, అట్ల. తెలివైనోళ్లు పొద్దుగాల సాయంత్రం వచ్చే సన్న నీళ్లను కుంటల, తొట్టిల పట్టుకుంటరు.

పైసల సంగతి. సబ్సిడీ లేకుండ 5 హెచ్‌పీ సెట్టు మొత్తం మూడు లక్షలు అటు ఇటు పడ్తది, 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామాన్ల మీద జీఎస్టీ 12 నుంచి 5కు తగ్గింది, కొటేషన్ల పాత రేటు ఏసిండో కొత్తది ఏసిండో చూస్కోన్రి. కేంద్రం పీఎం కుసుమ్ అనే సోలార్ స్కీము 2019ల పెట్టింది, దాంట్ల మూడు రకాలు ఉన్నయ్, మనకు సంబంధం ఉన్నది ‘బీ’ (B) రకం, లైను లేని చోట 7.5 హెచ్‌పీ దాక పంపులు, కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగిలిన 40 మనది, అందుల 30 దాక బ్యాంకు లోన్ తీసుకోవచ్చు. అంటే మూడు లక్షల సెట్టుకు మన వాటా లక్షా ఇరవై వేలు, డీజిల్ ఖర్చుతోని పోల్చితే రెండేండ్ల కొంచెం పైన వెళ్లిపోతది. ‘ఏ’ (A) రకం అంటే కరెంటు అమ్ముకునేది, 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంటు, అది వేరే బిజినెస్, పంపుతోని కలపకున్రి. కోటా ఉందా లేదా అనేది టీజీరెడ్కో (రాష్ట్ర సోలార్ స్కీములు చూసే సంస్థ) ఆఫీసుల గానీ మీ ఏఈఓను (ఎవుసం విస్తరణ అధికారిని) గానీ అడుగున్రి. ఫోన్ చేసి రిజిస్ట్రేషన్‌కు ఐదు వేలు కట్టు అనేటోనికి మాత్రం ఒక్క రూపాయి కొట్టొద్దు, కుసుమ్ పేరు మీద దొంగ వెబ్‌సైట్లు మస్తుగున్నయని కేంద్రమే ఎన్నోసార్లు హెచ్చరించింది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూస్కోవాలె. నాకు బిగించినోళ్లు పొద్దుగాల పది గంటలకు వచ్చి ఎండ ఎక్కడుంటే అక్కడ స్ట్రక్చర్ పాతి పోయిన్రు, పడమర దిక్కు తాళ్లున్నయ్ అని నేను చెప్తనే ఉన్న, ఏం కాదన్న అన్నరు. మధ్యాహ్నం మూడింటికి తాటిచెట్టు నీడ రెండు ప్యానెళ్ల మీద పడుడు, నీళ్లు సగానికి పడిపోవుడు. ప్యానెళ్లు ఒకదానికొకటి దండ లెక్క కలిపి ఉంటయ్, ఒక్కదాని మీద నీడ పడినా మొత్తానికి దెబ్బ. చెట్టు కొట్టేద్దామంటే అది గౌడన్న గీసే చెట్టు, ఎట్ల కొడ్తం. మళ్ల నా పైసలతోనే తవ్వి ఇరవై మీటర్లు ఇవతల పాతుకున్న. మన వరంగల్ దగ్గర ప్యానెల్ దక్షిణం దిక్కు, 18 డిగ్రీల వాలు ఉంటే సరిపోతది. పిడుగులకు ఎర్తింగ్, లైట్నింగ్ అరెస్టర్ రెండూ పెట్టిన్రా లేదా చూసినంకనే సంతకం పెట్టున్రి.

ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుంటది, వారానికోసారి పొద్దున చల్లగున్నప్పుడు నీళ్లతోని తుడవాలె, ఎండకు కాగిన అద్దం మీద చల్లటి నీళ్లు కొట్టొద్దు. కేబుల్ దొంగలు కరెంటు మోటరుకూ ఉన్నరు, దీనికీ ఉన్నరు. కోతులు మాత్రం స్పెషల్, ప్యానెళ్ల మీద జారుడుబండ ఆడుతయ్, వైర్లు గుంజుతయ్, వైర్లన్ని పైపులల్ల ఏసుకుంటే గాని బతకలేం. ఇంకోటి పిల్లలకు గట్టిగ చెప్పున్రి, స్టార్టర్ బంద్ చేస్తే షాక్ రాదు అనే అలవాటు ఇక్కడ పనికిరాదు, ఎండ ఉన్నంత సేపు ప్యానెళ్లల్ల కరెంటు ఉంటనే ఉంటది, తొమ్మిది ప్యానెళ్లు కలిస్తే 400 వోల్టులకు అటు ఇటు డీసీ, పట్టుకుంటే ఇడువది. వారంటీ 25 ఏండ్లు అని చెప్పేది ప్యానెల్‌కే, పంపు, కంట్రోలర్‌కు కుసుమ్ స్కీముల 5 ఏండ్లు, బయట కొంటే ఒక్కొక్కడు ఒక్కో మాట చెప్తడు, కాగితం మీద రాపిచ్చుకోన్రి.

ఇంతకు మొదట అడిగిన లెక్క, నీళ్ల లోతు, ఎట్ల కొలవాలో చెప్పి ఆపుత. సన్న తాడుకు చిన్న ఇనుప ముక్క కట్టి, మోటరు రెండు గంటలు నడిచినంక కేసింగ్ పక్క సందుల నుంచి మెల్లగ వదులున్రి, నీళ్లకు తగిలినప్పుడు తాడు వదులైతది, పైకి గుంజి తడిసిన కాడికెళ్లి పై దాక కొలువున్రి. కేబుల్‌కు చుట్టుకోకుండ జర పైలం. అట్లనే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎంత సేపట్ల నిండుతదో ఫోన్ల చూడున్రి, రెండు నిమిషాలల్ల నిండితే గంటకు 6 వేల లీటర్లు. ఈ రెండు కొలతలు ఏప్రిల్ ఆఖరుకో, మేలనో తీసుకోవాలె. అక్టోబర్ల చెరువులు నిండి ఉన్నప్పుడు కొలిచి, ఆ లెక్క మీద పంపు కొని, మార్చిల నెత్తి పట్టుకున్నోళ్లు మా ఊర్లనే ఇద్దరున్నరు.